వార్డులో తెలుగు దాచుకున్నాను

ముప్పై నాలుగేళ్ళు మదురైలో పిల్లల ఆపరేషన్ వార్డులో నర్సుగా పనిచేసి నిరుడు రిటైరై దిగిపోయాను. మా వీధి నుంచి ఇప్పుడు ఏడుగురు ఆడపిల్లలు నర్సింగ్ చదువుతున్నారు. అందులో మా చెల్లెలి కూతురు ఒకతె. మొన్న వచ్చి, "పెద్దమ్మా, ఆ పని నిజంగా ఎట్లుంటాది, కొంచెం చెప్పు" అంది. కాళ్ళ నొప్పుల గురించి చెప్పాను, పెద్ద డాక్టర్ల కోపాల గురించి చెప్పాను, నవ్వించి పంపాను. చెప్పాల్సిందొకటి చెప్పలేదు. అది ఇక్కడ చెబుతున్నాను.

తెలుగు అక్షరాలు నాకు రావు. బడిలో చదివిందంతా తమిళం. చిత్తూరు నుంచి మా ఇంటికి అల్లుడిగా వచ్చిన అబ్బాయి నేను చెబుతుంటే రాశాడు. నా మాటను పుస్తకాల తెలుగులోకి సరిచేశాడు. మనుషులు మాట్లాడిన చోట మాత్రం చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పాను. తమిళంలో చెప్పుంటే నాకు సులువయ్యేది. కాని నేను దాచుకున్నది ఈ భాషను కాబట్టి, ఒప్పుకునేది కూడా ఇందులోనే ఒప్పుకోవాలి.

సంచి పని

కొందరు బిడ్డలు పేగు మూసుకుపోయి పుడతారు. కొందరికి పుట్టిన రెండు రోజుల్లో పేగులో కొంత భాగం నల్లబడి చచ్చిపోతుంది. డాక్టరు ఆ చెడిన ముక్కను కోసి తీసేసి, మంచి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుడతాడు. అది ఎర్రగా, తడిగా, మన బుగ్గ లోపలి చర్మంలా ఉంటుంది. బిడ్డ తాగిన పాలు అరిగి అక్కడినుంచే నీళ్ళలా బయటికొస్తాయి. వాటిని పట్టడానికి చుట్టూ ఒక సంచి అంటిస్తాము. బిడ్డ బరువు పెరిగాక, కొన్ని నెలలకు, ఇంకో ఆపరేషన్ చేసి పేగును లోపల కలిపేస్తారు. డాక్టరుకు అది రెండు ఆపరేషన్లు. ఆ రెండింటి మధ్య నెలలన్నీ తల్లివి.

మీకు చదువులో ఈ మధ్య నెలల గురించి రెండు పేజీలు ఉంటాయేమో. ఉద్యోగమంతా అక్కడే ఉంది. పెద్దవాళ్ళ కొలతకు చేసిన సంచులే వచ్చేవి మాకు. కత్తెరతో చిన్నగా కత్తిరించాలి. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, పాత నూలుగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక అంటించి, అరచేతి వేడి తగిలేలా కాసేపు పట్టుకోవాలి. తొందరపడితే ఊడుతుంది. ఊడితే ఆ నీళ్ళు చర్మాన్ని తినేస్తాయి. పచ్చి పుండు మీద మళ్ళీ సంచి అంటదు.

నేను చేరిన కొత్తలో ఒక బిడ్డకు సంచి పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఊడింది. తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాను. మా పెద్ద సిస్టర్ వచ్చి, "ఆ పొట్ట వాసన చూశావా?" అంది. వంగి చూస్తే ఆముదం. అమ్మమ్మ రోజూ దొంగచాటుగా నూనె రుద్ది వెళుతోంది. మన ఇళ్ళలో నూనె పెట్టని పసిబిడ్డ అంటే దిక్కులేని బిడ్డే కదా, ఆ ముసలామెకు మనసొప్పలేదు. పెద్ద సిస్టర్ నన్ను పక్కకు పిలిచి, "పుండు చూసి తల్లిని తిట్టకు. ఏం చేస్తున్నారో అడుగు. జవాబు వచ్చేదాకా అక్కడినుంచి లేవకు" అంది. ఆమె కింద ఆరేళ్ళు పనిచేశాను. అంత మంచి మాట ఇంకెవరూ నాకు చెప్పలేదు.

మా పెద్ద డాక్టరు సంగతి వేరు. ఆయన చేతికి దణ్ణం పెట్టాలి, నోటికి మాత్రం కాదు. తల్లులతో సగం ఇంగ్లీషులో, సగం తల ఊపడంలో మాట్లాడేవాడు. వాళ్ళూ తల ఊపేవాళ్ళు. రెండు తలలు ఊగితే అర్థమైనట్టే అని ఆయన లెక్క.

ఏ వీధి అని అడుగుతారని

మా అమ్మా నాన్నా ఈ ఊరి వీధులు ఊడ్చి మమ్మల్ని పెంచారు. మదురైలో బట్టల కొట్లున్న తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ తెలుగు వింటే ఎవరూ ఏమీ అడగరు. మా తెలుగు వింటే "ఏ వీధి?" అంటారు. వీధి తెలిస్తే కులం తెలుస్తుంది. ఆ తర్వాత డ్యూటీ గదిలో నా టిఫిన్ డబ్బా వైపు ఎవరి చెయ్యీ రాదు. నాకంటే ముందు చేరిన ఒకమ్మాయికి అదే జరిగింది. నేను కళ్ళారా చూశాను.

నేను చేరిన మొదటి నెలలో వార్డు ఊడ్చే కరుపాయి, మా వీధి మనిషే, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, చీపురు గోడకు ఆనించి నవ్వుతూ, "ఏమ్మే సరోజా, తింటివా?" అంది. పక్కన ముగ్గురు నర్సులున్నారు. నేను తమిళంలో, ముఖం తెలియని మనిషితో చెప్పినట్టు, "ఆ మూల ఇంకా తడిగా ఉంది చూడు" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడూ నన్ను పేరుపెట్టి పిలవలేదు, "సిస్టర్" అనేది. ఛీ, ఏం బతుకు అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు తెలివి అనుకున్నాను.

అట్లా ఇరవై రెండేళ్ళు నడిపాను. తెలుగు కుటుంబాలు మేలూరు నుంచి, తేని నుంచి బిడ్డలను తెచ్చేవి. నాకు అర్థం కాదనుకుని నా ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. విని, ఏమీ విననట్టు, తమిళంలో చుట్టు తిప్పి అడిగి పని జరిపించేదాన్ని. చాలాసార్లు జరిగింది కూడా. అందుకే ఆ దారి మీద నాకు నమ్మకం పెరిగింది.

జ్యోతిమణి

జ్యోతిమణి పుట్టిల్లు అన్నూరు. అక్కడ నూలు మిల్లులో పనిచేసి, పెళ్ళయి మేలూరు వచ్చింది. భర్త రాళ్ళ క్వారీలో పని. మొదటి కాన్పు, ఆడపిల్ల. పుట్టిన మూడో రోజు పిల్ల పొట్ట ఉబ్బి, పచ్చగా కక్కుతూ మా దగ్గరికొచ్చింది. పేగు చాలా తీసేయాల్సి వచ్చింది. మిగిలిన కొసను పొట్ట మీద కుట్టారు.

ఆపరేషన్ అయిన ఆరో రోజు లోపలి కుట్లు విడిపోయాయి, మళ్ళీ కోశారు. దాన్నుంచి తేరుకునేలోగా రక్తంలోకి చీము చేరింది. అది తగ్గిందనుకుంటే సంచి నిలవకపోవడం మొదలైంది. రెండు కిలోల నాలుగు వందల గ్రాములున్న పిల్ల రెండు కిలోలకు దిగింది. పేరు కూడా పెట్టలేదు, చీటీ మీద "జ్యోతిమణి బేబీ" అనే ఉండేది. వాళ్ళు "చిట్టీ" అనేవాళ్ళు.

మొదటిసారి సంచి తీసినప్పుడు జ్యోతిమణి గోడ వైపు తిరిగిపోయింది. మూడు వారాలు తిరిగేసరికి నాకంటే బాగా కత్తిరించేది. తెగిన దారాన్ని నడుస్తున్న మిషను మీదే ముడివేసిన వేళ్ళు కదా. పక్క మంచాల తల్లులకు కూడా నేర్పేది. ఒకరోజు నేను అంటించిన సంచిని చూసి, "సిస్టర్, ఈ అంచు పైకి లేస్తుంది, మీరు కోప్పడకపోతే నేను మళ్ళీ వేసుకుంటా" అంది తమిళంలో. కోపమొచ్చింది నాకు. సాయంత్రానికి ఆమె చెప్పిన అంచే లేచింది.

అత్త పేరు రాక్కమ్మ. లోపలికి ఒక్కరినే రానిస్తారు గనుక ఆమె వరండాలో చాప వేసుకుని ఉండేది. బాలింత పథ్యం అని మిరియాల అన్నం, వేయించిన వెల్లుల్లి తెచ్చేది. రోజూ తూకం వేసే వేళకు కిటికీ దగ్గర నిలబడి వేళ్ళతో సైగ చేసి ఎంత అని అడిగేది. ముప్పై గ్రాములు పెరిగిన రోజు వార్డంతటికీ కమరుకట్టు, అదే బెల్లం పాకం ఉండలు, పంచింది. ఆడపిల్ల కోసం ఇంత చేసే అత్తను నేను ఎక్కువ చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆమె చెడ్డది కాదు.

ఏడో వారంలో సంచి రోజుకు పదిసార్లు ఊడేది. చుట్టూ చర్మం లేచి రక్తం చెమర్చేది. నీళ్ళు తగిలినప్పుడల్లా పిల్ల ఏడ్చే ఏడుపుకు జ్యోతిమణి పైట నోట్లో కుక్కుకునేది. అట్లాంటిది ఒక రోజు సంచి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలిచింది. మర్నాడూ నిలిచింది. పుండు అంచులు ఆరడం మొదలైంది. పెద్ద డాక్టరు చూసి, "బాగా కుదురుకుంది. ఇంటికి పంపించండి, రెండు నెలల్లో మూసేద్దాం" అన్నాడు. వార్డంతా సంతోషపడింది. నేనూ పడ్డాను, ఆ మధ్యాహ్నం దాకా.

రెండు మూరల దూరంలో

నేను మంచం పక్క బల్ల మీద ఇంటికి పంపే కాగితం రాస్తున్నాను. నా పక్కన ఇంకో నర్సు దుప్పట్లు లెక్కపెడుతోంది. ఎవరు కొత్తగా వచ్చినా "ఏ ఊరు, ఏ వీధి" అని అడిగేది ఆమే. రాక్కమ్మను మూటలు కట్టడానికి లోపలికి రానిచ్చారు. అత్తా కోడళ్ళు నాకు రెండు మూరల దూరంలో, గొంతు కూడా తగ్గించకుండా, తెలుగులో మాట్లాడుకున్నారు.

"అత్తా, సిస్టరుకు చెప్పేస్తామా? పాలు సగం చేసిందాన్నుంచే గదా సంచి నిల్చేది."

"ఊరుకో మే. చెప్తే మల్లా ఈడనే పండబెడ్తారు. బేధికి పాలు నిలిపితే బేధి నిల్చాది, ఇది మా అమ్మ కాలంనుంచి ఉండేదే. పుండు ఆరనీ, అప్పుడు కడుపునిండా తాపుదువు."

"ఆకలికి ఏడుస్తాది అత్తా."

"బార్లీ నీళ్ళు పొయ్యి. పుండుకు ఏడ్చేదానికంటే ఆకలికి ఏడ్చేది మేలు గదా, పావం."

నాకు ప్రతి మాటా అర్థమైంది. వాళ్ళకు తెలియనిది కూడా నాకు తెలుసు. ఆ పిల్లకు వచ్చేది బేధి కాదు. పేగు పొట్టిది, అంతే. పాలు తగ్గిస్తే సంచిలోకి వచ్చేది తగ్గుతుంది, నిజమే. కాని ఒంట్లోని నీళ్ళూ ఉప్పూ పోతూనే ఉంటాయి, పోయినవాటి చోట లోపలికి ఏమీ రాదు. సంచి నిలిచింది పేగు కుదురుకుని కాదు, పిల్ల పస్తుంటే నిలిచింది. ఆ ఆస్పత్రిలో ఆ సంగతి తెలిసిన ఉద్యోగి నేనొక్కదాన్నే.

కలం కింద పెట్టి, "పాలు ఎందుకమ్మా తగ్గించినావు?" అని అడిగితే అయిపోయేది. ఒక్క ప్రశ్న. పక్కన ఆ నర్సు ఉంది, ఏ భాషలో అడిగినా నాకు తెలుగు వచ్చని తేలిపోతుంది. డాక్టరుకు చెబుదామా అంటే, నీకెట్లా తెలుసంటాడు. చివరికి తమిళంలో, "పాలు బాగా ఇస్తున్నావా మా?" అన్నాను. జ్యోతిమణి అత్త వైపు చూసి, "ఇస్తున్నా సిస్టర్" అంది. "ఉప్పు చక్కెర నీళ్ళు?" "ఇస్తున్నా." పాలు బాగా తాగుతోంది అని కాగితంలో రాసి సంతకం పెట్టాను. వారానికి చూపించుకోవడానికి వస్తారు కదా, అప్పుడు ఎట్లాగో సర్దుతానని నాకు నేను చెప్పుకున్నాను.

అయిదో రోజు

వారం దాకా ఆగలేదు. అయిదో రోజు పొద్దున మేలూరు బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఎండాకాలం. పిల్ల మాడు గుంటపడి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలిచింది. సంచి మాత్రం ఒక్క అంచు లేవకుండా ఉంది. అంత శుభ్రంగా అంటిన సంచిని నేను ఇన్నేళ్ళలో చూడలేదు.

"చూడండి సిస్టర్, పుండు మొత్తం మానిపోయింది" అంది జ్యోతిమణి. "పాపే లేవడం లేదు."

నరం దొరకలేదు. తలలో చూశాము, కాలిలో చూశాము. ఎముకలోకి సూది దించి నీళ్ళు ఎక్కించాము. పదకొండు గంటలకు గుండె ఆగింది.

తెర కట్టి తల్లి చేతిలో పెట్టాము. రాక్కమ్మ తెర అంచు పట్టుకుని నిలబడింది. జ్యోతిమణి ఏడవలేదు. పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి, ఎవరితోనో కాదు, తనలో తను, "ఈ సంచి ఇంక తీసేస్తామా" అంది తెలుగులో.

"నేను తీస్తాను లేమ్మా" అన్నాను.

నోటినుంచి తెలుగే వచ్చింది. ఆమె తల ఎత్తింది.

"అక్కా, నీకు మన మాట వచ్చునా?"

"వచ్చు."

"ఆ పొద్దు నేనూ మా అత్తా మాట్లాడుకుంటిమే... అది నీకు వినపడెనా?"

ఆమె నన్ను నిలదీయడానికి అడగలేదు. ఆ మొహం నాకు ఇప్పటికీ తెలుసు. ఈ భారంలో తనతో పాటు ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటోంది. ఉన్నాను. ఎదురుగానే ఉన్నాను.

"లేదమ్మా" అన్నాను.

ఆమె తెర వైపు తిరిగి, "అక్కకు తెలిసుంటే కాపాడుండును అత్తా. నువ్వే చెప్పనియ్యలే" అంది. రాక్కమ్మ అక్కడే నేల మీద కూలబడింది. నోరు తెరవడానికి నాకు ఇంకో సందు దొరికింది అప్పుడు. నేను సంచి విప్పడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాను.

ఆ తర్వాత

మర్నాడు డ్యూటీ గది ముందు, అందరూ ఉండగా, కరుపాయిని తెలుగులో పిలిచి తిన్నావా అని అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆమె చీపురు ఆపి నన్ను చూసి, బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. న్యాయమే. దుప్పట్లు లెక్కపెట్టిన నర్సు అనుకున్నట్టే వీధి అడిగింది, చెప్పాను. రెండు రోజులు నా ఇడ్లీ ముట్టలేదు. మూడో రోజు చట్నీ కావాలంది. ఇరవై రెండేళ్ళు నేను భయపడింది ఆ రెండు రోజులకు. అందరికీ ఇంత తేలిగ్గా పోతుందని చెప్పను. ఇంకా కష్టపడ్డవాళ్ళున్నారు, నా ముందు చేరిన ఆ అమ్మాయి ఉద్యోగమే వదిలేసింది. అయినా ఒక పసిబిడ్డ ప్రాణం ముందు నా టిఫిన్ డబ్బా ఎంత?

పని నేర్చుకునేవాళ్ళకు ఒకటి చెబుతాను. "పాలు బాగా ఇస్తున్నావా" అనేది ప్రశ్న కాదు. దానికి అవుననే అంటారు. నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఎన్నిసార్లు తాగింది, ప్రతిసారీ ఎంతసేపు, ఎన్ని గుడ్డలు తడిపింది అని అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మన వార్డులో అడగనిదే అమ్మ చెప్పదు కూడా, భయపడుతుంది. సంచి ఉన్నట్టుండి నిలిచిందంటే సంతోషించే ముందు అనుమానించండి. ఆ తర్వాత పన్నెండేళ్ళలో అట్లా అడిగి నలుగురైదుగురు బిడ్డలను వెనక్కి లాగాను. వాళ్ళ తల్లులు నన్ను దేవతన్నారు. ఏం చెప్పను.

దిగిపోయిన నెలలోనే మేలూరు వెళ్ళాను. జ్యోతిమణి అదే ఇంట్లో ఉంది. ఇప్పుడు బట్టలు కుడుతోంది, కొడుకు బడికి పోతున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, కాఫీ కలపడానికి లేచింది. కూర్చోమన్నాను. ఆ రోజు వాళ్ళ మాటలు నాకు వినపడ్డాయని చెప్పాను. అన్నీ అర్థమయ్యాయని, అడగలేదని, తర్వాత అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

ఆమె మిషను మీద ఉన్న గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"మూడేండ్ల ముందర వచ్చుండరాదా అక్కా" అంది చివరికి. "అప్పుడు మా అత్త ఉండె. ఆ పొద్దునుంచి తొమ్మిదేండ్లు ఒకే ఇంట్లో ఉండి ఆమెతో నేను ఒక మాట మాట్లాడలే. అన్నం పెడితిని, నీళ్ళు పెడితిని, అంతే. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, 'బిడ్డను నేను కావాలని చంపలే మే' అనె. నేను చెయ్యి లాక్కుంటిని అక్కా."